రాయి గాలిలో ఉన్నంతసేపు

మా తమ్ముడు లూసియో తల పగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎండిన సొరబుర్రని రాతి మీద వేసి కొడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ తర్వాత వాడు నా మీదికి ఒరిగాడు. తోలుటోపీ అంచు కింద, ఎడమ కణత దగ్గర, బొటనవేలు పట్టేంత గుంట. అందులోంచి రక్తం నా మెడ మీదుగా చొక్కాలోకి వెచ్చగా దిగింది. వాడి నోరు ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వు ఆగిపోయిందని ఆ నోటికి ఇంకా తెలియలేదు.

అది మే నెల, శిలువ పండగ. ఆ రోజు మా కొండ ఊరు కోల్పాపంపలో పై సగం వాళ్ళూ కింది సగం వాళ్ళూ కొట్టుకుంటారు. పిడికిళ్ళకి ఉన్ని పట్టీలు చుట్టుకుని, ఎద్దుతోలు టోపీలు పెట్టుకుని, చర్చి ముందు మైదానంలో దిగుతారు. భూమాత నెత్తురు తాగితేనే దుంప ఊరుతుంది. పగ అక్కర్లేదు, అవతలివాడు అవతలి సగం వాడైతే చాలు. పొద్దున పళ్ళు రాలగొట్టుకున్నవాళ్ళు పొద్దు వాలేసరికి ఒకే కుండ దగ్గర కూర్చుని మొక్కజొన్న కల్లు తాగుతారు. ఎవడైనా చస్తే ఏడుస్తాం. పోలీసుల దగ్గరికి మాత్రం పోము.

ఆ రోజు నేను కింది సగం లామాల కాపరి ఒకడి ముక్కు విరగ్గొట్టాను. వాడు నా పక్కటెముక ఒకటి విరిచాడు. లూసియో ముగ్గుర్ని పడగొట్టాడు. మూడోవాణ్ణి జుట్టు పట్టుకుని మోకాలికేసి కొడుతుంటే నేనే పక్కకి లాగాల్సి వచ్చింది. పిడికిళ్ళ పోరుతో అలిసిపోయాక, ఎప్పటిలాగే, కింది సగం వాళ్ళు కొందరు గట్టు మీది కళ్ళం దగ్గరికెక్కి వడిసెలలు తిప్పడం మొదలుపెట్టారు. రాళ్ళు పడుతున్నాయి. ఫోటోలు తీసుకునే విదేశీయులు మధ్యాహ్నం బస్సుకే పారిపోయారు. అప్పుడు ఊరి పెద్ద డాన్ అనాక్లేటో చర్చి మెట్ల మీద నిలబడి కొరడా విదిల్చాడు. ఆ చప్పుడుతో పోరు అయిపోయినట్టే.

మాకు ఉన్న చట్టమల్లా ఒకటే. కొరడా మోగకముందు పడ్డ నెత్తురు భూమాతది. మోగాక పడ్డ నెత్తురు మనిషిది, దానికి మనిషే జవాబు చెప్పాలి.

కొరడా మోగింది. లూసియో నావైపు తిరిగాడు, నెత్తురు ఉమ్మాడు, పగలబడి నవ్వి, "అన్నా, నా పన్నొకటి ఎక్కడో పడింది, కాస్త వెతికిపెట్టు" అన్నాడు. అప్పుడు వచ్చింది రాయి.

విసిరింది సెవెరో తాకిచిరి. అతను దాచలేదు. గట్టు దిగి పరుగెత్తుకొచ్చి, చేతిలో వడిసెల వేలాడుతుండగానే, లూసియో పక్కన కూలబడ్డాడు. సెవెరో మేస్త్రీ. మట్టి ఇటుకల గోడ కట్టడంలో మా చుట్టుపక్కల అతని తర్వాతే ఎవరైనా. అతనూ మా తమ్ముడూ కలిసి పదకొండు ఇళ్ళు కట్టారు. ఒకడు మట్టి తొక్కేవాడు, ఒకడు పేర్చేవాడు. నేను అతన్ని పీక పట్టుకుని నేలకేసి కొడుతుంటే నలుగురు కలిసి విడదీశారు.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు.

"కొరడా మోగకముందే వదిలేశాను తాతా. ఎవర్నీ చూసి వెయ్యలేదు, గుంపులోకి వేశాను. చెయ్యి వదిలాక నేనేం చెయ్యను?" అన్నాడు సెవెరో.

మావాళ్ళు ముప్పై మంది కాదన్నారు, మోగిన చాలాసేపటికి వేశాడన్నారు. వాళ్ళవాళ్ళు ముప్పై మంది అతని మాటే నిజమన్నారు. డాన్ అనాక్లేటో కోకా ఆకు నములుతూ అందరి మాటా విన్నాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"మాకు రాయి పడ్డ చోటు తెలుస్తుంది గానీ బయల్దేరిన వేళ తెలియదు. నువ్వు బళ్ళో పిల్లలకి కాలం గురించీ వేగం గురించీ చెప్తావు. నీ మాట మీద వదిలేస్తున్నా. చెప్పు మేష్టారూ. ముందా, తర్వాతా?"

"తర్వాతే" అన్నాను.

నేనేమీ ఆలోచించలేదు. నా చొక్కా మీద తమ్ముడి నెత్తురు ఇంకా అట్టకట్టి ఉంది, ఆ మాట దానంతటదే వచ్చింది. భౌతికశాస్త్రం చెప్పే నా మాట, జెనోబియో కయో మాట కాబట్టి అదే తీర్పైపోయింది. వచ్చే ఏడు పండగకి నేనూ సెవెరో గిరి గీసి లోపల నిలబడాలి. ఎవరూ విడదీయరు. కొరడా కూడా మోగదు. నేను "చాలు" అన్నప్పుడే ఆగుతుంది. అనకపోతే ఆగదు. అప్పటిదాకా సెవెరో ఊరు దాటకూడదు.

దాటలేదు. పారిపోతాడని నేను ఆశపడ్డాను, నిజం చెప్తున్నా. పారిపోతే వాడిది తప్పేనని నాకు నమ్మకం గట్టిపడేది.

ఆ ఏడాదంతా నేను మనిషినే కాదు. పెరట్లో గొర్రెతోలులో ఇసుక కుక్కి వేలాడదీసి రోజూ గుద్దాను. వేళ్ళ కణుపులు పగిలి, మానుపట్టి, మళ్ళీ పగిలాయి. పక్కూరి పెళ్ళిలో ఒకడు "మీ తమ్ముడు మొగాడు" అన్నందుకే వాడి దవడ జారేలా కొట్టాను. మెచ్చుకున్నాడా ఎగతాళి చేశాడా అని కూడా చూడలేదు. బళ్ళో పిల్లలు నేనొస్తుంటే గోడవారగా నడిచేవాళ్ళు.

వానలకి కూలిపోయిన బడి గోడ కట్టడం జూన్‌లో మొదలైంది. ఊరికి ఉమ్మడి పని, వంతులవారీ చెయ్యాలి. మేస్త్రీ ఒక్కడే కాబట్టి వంతులతో పనిలేకుండా సెవెరోనే రోజూ వచ్చేవాడు. సరిగ్గా నా తరగతి కిటికీ కింద. నేను లోపల పాఠం చెప్తుంటే బయట తాపీతో మట్టి కొడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటూ పాఠం చెప్పడమంటే ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

ఒకరోజు పదార్థం గురించి చెప్తున్నాను. పదార్థం నశించదు, శక్తి నశించదు, ఒక రూపం వదిలి ఇంకో రూపం పట్టుకుంటాయి, అంతే. తాపీ ఆగింది. కిటికీలో తలొచ్చింది.

"మేష్టారూ, ఏదీ పోదంటున్నారు కదా. మరి మొన్నటి మే నెల ఎక్కడికి పోయినట్టు? ఎక్కడో ఓచోట పడి ఉండాలిగా?"

పిల్లలు నవ్వారు. నేను చేతిలో ఉన్న డస్టరు విసిరాను. అది అతని నుదుటికి తగిలి చర్మం చీరింది. అతను నుదురు తుడుచుకుని, కిందపడ్డ డస్టరు తీసి కిటికీ మీద పెట్టి, మళ్ళీ గోడ పని మీద పడ్డాడు.

కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాలుగు రోజుల తర్వాత ఇంటర్వెల్లో నేనే బయటికి వెళ్ళాను.

"నీకేం తెలుసుకోవాలనుంది?"

"వెనక్కి పోయే దారుందా అని."

"ముందుకి ఉంది. చదువుకునే రోజుల్లో లా పాజ్ దగ్గర మంచుకొండ మీదికి తీసుకెళ్ళారు మమ్మల్ని. ఆకాశం నుంచి రాలే రేణువుల్ని లెక్కపెట్టే చోటది. అవి పైన పుట్టి రెప్పపాటులో వెయ్యోవంతు కూడా బతకవు. లెక్కప్రకారం దారిలోనే చచ్చిపోవాలి. కానీ నేల దాకా బతికే వస్తాయి. అంత వేగంగా వస్తాయి కాబట్టి వాటి కాలం మన కాలం కన్నా నెమ్మదిగా నడుస్తుంది. నువ్వు అంతకన్నా వేగంగా పోయొస్తే నీకు ఒక రోజు గడిచేసరికి ఇక్కడ వందేళ్ళు గడిచిపోతాయి."

"ముందుకి నేనెలాగూ పోతున్నాగా మేష్టారూ, మే నెలకి. దానికంత కష్టమెందుకు?" అని నవ్వాడు. నాకు నవ్వొచ్చి, ఆ నవ్వొచ్చినందుకు ఒళ్ళు మండిపోయింది.

"వెనక్కి లేదు" అన్నాను. "నువ్వు డెబ్బై కిలోలుంటావు. నిన్ను తీసుకెళ్ళి మొన్నటి మేలో దింపాననుకో. అక్కడ అప్పటికే ఒక సెవెరో ఉన్నాడు, వాడూ డెబ్బై కిలోలు. లోకం బరువు డెబ్బై కిలోలు పెరిగింది. ఎక్కడిదది? నువ్వు ఆ తర్వాత తిన్న దుంపలు అప్పటికింకా మట్టిలో ఉన్నాయి. ఇప్పుడు నీ ఒంట్లో ఉన్నాయి. ఒకటే దుంప మట్టిలోనూ ఉండి, నీ కండలోనూ ఎలా ఉంటుంది?"

అతను తాపీ అంచున ఎండిన మట్టి గోటితో గీకుతూ ఆలోచించాడు.

"అయితే దుంపలు ఇక్కడే వదిలేసి పోతా."

"వదిలేస్తే నీలో ఏం మిగులుతుంది? ఎముకలు."

"ఎముకలే పంపండి."

"వచ్చే మేలో పంపిస్తాలే."

అతని మొహం తెల్లబడింది. కానీ వదల్లేదు మనిషి. మర్నాడు మళ్ళీ అడిగాడు. "పోనీ నేను వద్దు. జరిగిందాన్ని తిప్పలేమా? రాయిని వెనక్కి లాగడం."

"నీ చేతి శక్తి రాయిలోకి పోయింది. రాయిది వాడి ఎముకలోకి పోయింది. కొంత చప్పుడైంది, కొంత వేడైంది. ఆ చప్పుడు కొండలకి తగిలి చెదిరిపోయింది. ఆ వేడి గాలిలో కలిసి, నువ్వూ నేనూ పీల్చి వదిలేశాం. ఏదీ నశించలేదు, అంతా ఉంది. కానీ కాలిపోయిన కట్టె పొగంతా ఏరి తెచ్చి మళ్ళీ కట్టె చెయ్యి చూద్దాం."

"అంతా ఉండి కూడా దొరకదన్నమాట."

"దొరకదు."

అతను, "చూపు పంపొచ్చా?" అన్నాడు. "మొన్న పిల్లలకి చెప్తుంటే విన్నా. నక్షత్రాల వెలుగు పాతదంటగా. అంటే దూరంగా కూర్చున్నవాడికి మన వెలుగూ పాతదే అందుతుందిగా?"

అందుతుంది. అబద్ధం చెప్పలేకపోయాను. "ఆ రోజు వెలుగు ఇంకా పోతూనే ఉంది. దారిలో ఎవడైనా కూర్చుని, వాడికి అంత కంటిచూపే ఉంటే, ఇప్పుడు నీ చెయ్యి లేవడం చూస్తుంటాడు."

"కొరడా కూడా చూస్తాడా?"

"అదీ చూస్తాడు."

"అయితే వాడికి తెలుసు." సెవెరో కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏది ముందో తెలిసినవాడు ఒకడున్నాడు. అది చాలు మేష్టారూ. నాకే అనుమానమొస్తోంది ఈ మధ్య. అందరూ తర్వాతే అంటుంటే నిజంగా తర్వాతే వేశానేమో, వాణ్ణి నేను చంపానేమో అనిపిస్తోంది. కూడు సయించడం లేదు. నాకు శిక్ష తప్పాలని కాదు. తెలియాలి, అంతే."

అతని నోరు మూయించాలనే నేను కొలవడానికి వెళ్ళాను. నిజం తేల్చాలని కాదు. అంకెలు తెచ్చి మొహాన కొడదామని.

సెప్టెంబరులో ఒక ఆదివారం, అందరూ చర్చిలో ఉన్నప్పుడు, పొలాలు కొలిచే తాడు పట్టుకుని కళ్ళం దగ్గర్నుంచి లూసియో పడ్డ చోటి దాకా కొలిచాను. నూట ముప్పై రెండు మీటర్లు. మరుసటి వారం తెల్లారగానే వడిసెల తీసుకెళ్ళాను. చిన్నప్పుడు గొర్రెలు కాసినవాణ్ణే, చెయ్యి మరిచిపోలేదు. కుడిచేత్తో విసరడం, ఎడమచేతిలో పట్టుకున్న గడియారం మీట నొక్కడం, అక్కడ దుమ్ము లేవగానే మళ్ళీ నొక్కడం. ముప్పై రాళ్ళు విసిరాను. రాయి గాలిలో ఉండేది నాలుగున్నర సెకన్లు. కాస్త అటూ ఇటూ, కానీ నాలుగుకి తగ్గలేదు.

ఇంటికొచ్చి, తలుపేసుకుని, లూసియో ఆఖరి క్షణాలు నేను ఆడి చూశాను. కొరడా మోగినట్టు చప్పట్లు కొట్టి, పక్కకి తిరిగి, ఉమ్మి, నవ్వి, "అన్నా, నా పన్నొకటి ఎక్కడో పడింది, కాస్త వెతికిపెట్టు." గడియారం చూశాను. మూడు సెకన్లు. మళ్ళీ చేశాను. వాడి గొంతుతో, వాడి నవ్వుతో. యాభై సార్లు చేశానేమో. నవ్వు సాగదీశాను, మాటకీ మాటకీ మధ్య ఆగాను, రెండుసార్లు ఉమ్మాను. ఎంత సాగదీసినా మూడున్నర దాటలేదు. ఏడుపొచ్చాక ఆపాను.

సెవెరో చెప్పిందే నిజం. కొరడా మోగే సమయానికి రాయి అతని చేతిలో లేదు. కనీసం అర సెకను ముందే అది గాలిలో ఉంది. దానికి తోడు కొరడా చప్పుడు గట్టు దాకా పోవడానికి ఇంకో అర సెకను దగ్గర దగ్గర. మా తమ్ముణ్ణి ఎవరూ హత్య చెయ్యలేదు. వాడు భూమాతకి పోయాడు.

లెక్క రాసుకున్న కాగితం పొయ్యిలో పెట్టాను.

ఎందుకని అడగండి. ఆ అంకెలు ఒప్పుకుంటే నాకిక కొట్టడానికి ఎవడూ లేడు. పండగ నాటి నుంచీ ఆ కోపం మీదే నేను నిలబడి ఉన్నాను. దాన్ని తీసేస్తే తమ్ముడు చచ్చిపోయాడన్న మాట ఒక్కటే మిగులుతుంది. దాన్ని నేను మోయలేను. అంత పిరికివాణ్ణి.

గోడ పూర్తయింది. సెవెరో మళ్ళీ ఏమీ అడగలేదు. ఏప్రిల్లో, పండగ ఇంకో పది రోజులుందనగా, అతని భార్య బసీలియా బడికొచ్చింది. మైదానంలో ఉడకబెట్టిన మొక్కజొన్న అమ్మే మనిషి. చేతులింకా ఆవిరి కొడుతున్నాయి.

"మీరు కళ్ళం దగ్గర తాడు పట్టి కొలుస్తుంటే మా అత్త చూసింది మేష్టారూ. రాళ్ళు కూడా వేశారంట. ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు. గాలెక్కువగా ఉంది. లెక్క తేలలేదు."

"గాలి లేని రోజు చూసి మళ్ళీ కొలవండి."

"మళ్ళీ కొలిచినా అంతే."

ఆమె నన్ను కిందా మీదా చూసింది. "మీకు లెక్క తేలని రోజు ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ చూళ్ళేదు. సరే. మా ఆయనకి అదే చెప్తా, తేలలేదంట అని. ఏడాదిగా మీ జవాబు కోసమే కూర్చున్నాడు, పిచ్చి మొహం" అని వెళ్ళిపోయింది.

పండగ రోజు మైదానంలో సున్నంతో గిరి గీశారు. రెండు సగాలూ చుట్టూ నిలబడ్డాయి. వెదురు పిల్లనగ్రోవులు ఆపేశారు. డాన్ అనాక్లేటో కొరడా నేల మీద పెట్టి కూర్చున్నాడు. నేను పట్టీలు చుట్టుకున్నాను. సెవెరో చుట్టుకోలేదు. టోపీ మాత్రం పెట్టుకున్నాడు.

మొదటి దెబ్బ అతనిదే. ఊరికే నిలబడి తినడానికి రాలేదు అతను, మేస్త్రీ చేతులు. నా పెదవి రెండుగా చీలింది, నోరంతా ఇనుప రుచి. ఆ రుచి నాకు ఎంత హాయిగా ఉందో చెప్తే మీరు అసహ్యించుకుంటారు. నేను అతని కడుపులో గుద్దాను, వంగగానే చెవి మీద గుద్దాను. అతను నిరుడు విరిగిన నా పక్కటెముక వెతుక్కుని మరీ కొట్టాడు. ఇద్దరం పెనుగులాడుతూ కిందపడ్డాం, లేచాం. మా వాళ్ళు అరుస్తున్నారు. వాళ్ళవాళ్ళు అరుస్తున్నారు. నేను అతని ముక్కు దూలం విరిచాను, అది నా పిడికిలి కింద పచ్చి బీన్సు కాయలా పుటుక్కుమంది. అతను నా ఎడమ కన్ను మూసేశాడు.

తర్వాత అతను నన్ను కావలించుకుని పట్టేశాడు, ఊపిరి ఆడనంతగా. నోరు నా చెవి దగ్గర పెట్టాడు.

"కొలిచారటగా మేష్టారూ. ఎంతొచ్చింది?"

నేను తలతో అతని మొహం మీద కొట్టాను.

"చెప్పండి. ఇంకెవరికీ చెప్పను. ముందేనా?"

నా మొహంలో ఏదో కనిపించి ఉండాలి. ఎందుకంటే అతను నన్ను వదిలేశాడు. చేతులు కిందికి జారిపోయాయి. నెత్తురు కారుతున్న నోటితో నవ్వాడు. హాయిగా, బరువు దింపుకున్నవాడిలా నవ్వాడు.

"ముందే" అన్నాడు. "ముందేనన్నమాట."

ఆ నవ్వు నేను భరించలేకపోయాను. ఆ నిమిషాన అతన్ని కొట్టింది తమ్ముడి కోసం కాదు. నా అబద్ధం చూసేసిన కళ్ళు మూసెయ్యాలని కొట్టాను. అతను మళ్ళీ చెయ్యెత్తలేదు. గడ్డం మీద కొట్టాను, టోపీ ఎగిరిపోయింది. జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళి, గిరి దాటి, చర్చి మెట్టు అంచుకేసి తల కొట్టాను. ఒకసారి. రెండోసారి. బసీలియా గుంపులోంచి "చాలనండి, మీ కాళ్ళు పట్టుకుంటా, చాలనండి!" అని అరుస్తోంది, ఆమెని నలుగురు పట్టుకుని ఉన్నారు. మూడోసారి. మా వాళ్ళ అరుపులు ఆగిపోయాయి. నాలుగోసారి కొట్టాక, ఆ మెట్టు మీద నెత్తురు చూశాక, అప్పుడు నా నోట్లోంచి "చాలు" అన్న మాట వచ్చింది.

చావలేదు. తొమ్మిది రోజులు కళ్ళు తెరవకుండా పడున్నాడు. నేను డాన్ అనాక్లేటో దగ్గరికెళ్ళి అంకెలు చెప్పేశాను. నూట ముప్పై రెండు, నాలుగున్నర, మూడున్నర. ఆయన నా మొహం చూసి, "ఇప్పుడు చెప్తున్నావా" అన్నాడు. దండించమని అడిగాను. "నిన్నేం చెయ్యాలో చెప్పాల్సింది నేను కాదు, ఆ బసీలియా" అన్నాడు.

పదోరోజు సెవెరో లేచాడు. అన్నం అడిగి తిన్నాడు. నవ్వాడు. బసీలియాని గుర్తుపట్టాడు, పిల్లల్ని గుర్తుపట్టాడు, కానీ "వీళ్ళేంటి ఇంత పెరిగారు?" అన్నాడు. పండగ ఎప్పుడు, ఇంకెన్ని రోజులుంది అన్నాడు. లూసియో ఏడీ, మట్టి నానబెట్టాలి అన్నాడు. డాక్టరు పోతోసి పట్నం నుంచి ఏదో కాగితం రాసిచ్చాడు. తల లోపల దెబ్బ తగిలిన చోట ఆ ఏడాది జ్ఞాపకమూ లేదు, ఇక ముందు ఏదీ నిలవదు కూడా. పొద్దున చెప్పింది మర్నాటికి ఉండదు. అతనికి రోజూ ఆ మొదటి పండగ ముందు రోజులే.

నేను వాళ్ళ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. బసీలియా లోపల్నుంచి మొక్కజొన్న కుండ తెచ్చి దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏడవకండి మేష్టారూ. మీ ఏడుపు వినే తీరిక నాకు లేదు. వెనక్కి పోవడం కుదరదని ఏడాది పొడుగునా పాఠం చెప్పారు కదా మా ఆయనకి?"

"చెప్పాను."

"మరి ఇదేంటి? పోయాడుగా. మీరే పంపారు. అక్కడ మీ తమ్ముడున్నాడు, ఇద్దరూ కలిసి గోడలు కడుతున్నారు. నేను పోలేను, పిల్లలు పోలేరు. పొద్దున్నే లేచి లూసియో ఏడీ అంటాడు. నేను రోజూ ఆ మాటకి జవాబు చెప్పలేను. మీరు చెప్పండి. రోజూ రండి. చచ్చేదాకా రండి."

అప్పట్నుంచీ బడి గంట కొట్టకముందు వెళ్తున్నాను. అతను పెరటి గోడ దగ్గర, తాపీ చేతిలో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. నన్ను చూడగానే లేస్తాడు. "రండి మేష్టారూ. వీడేడీ, ఇంకా పడుకునే ఉన్నాడా? రాత్రి బాగా తాగాడా ఏంటి?" అంటాడు. వస్తున్నాడు, నువ్వు మొదలుపెట్టు అంటాను. అది విని అతను సంతోషంగా మట్టి కలుపుతాడు.

ఒక్కసారి, ఓర్చుకోలేక, నిజం చెప్పేశాను. లూసియో చచ్చిపోయాడు, నీ రాయి తగిలే చచ్చిపోయాడు అన్నాను. అతను నన్ను నమ్మలేదు. తర్వాత నమ్మాడు. నమ్మాక నేల మీద పడి, తల గోడకేసి కొట్టుకుంటూ, కుట్లు తెగి నెత్తురు కారేలా ఏడ్చాడు. బసీలియా వచ్చి నన్ను చెప్పుతో కొట్టింది. కొడుతుంటే నిలబడ్డాను. మర్నాడు వెళ్ళేసరికి అతను తాపీ తుడుచుకుంటూ, "వీడేడీ మేష్టారూ?" అన్నాడు. తలకి కట్టెందుకుందో అతనికి తెలియదు.

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ అతను నా దగ్గర్నుంచి వినాల్సింది ఒకటి మిగిలిపోయింది. ఏడాదంతా అడిగింది, నేను ఇవ్వనిది. నిన్న పొద్దున ధైర్యం చేసి అతని పక్కన కూర్చున్నాను. ఎండ ఇంకా గోడ దిగలేదు.

"సెవెరో, నేను కొలిచాను. నీదే నిజం. రాయి ముందే నీ చెయ్యి వదిలింది. కొరడా మోగకముందే. నీ తప్పేమీ లేదు. నాకు సెప్టెంబరు నుంచే తెలుసు. తెలిసే నిన్ను ఇలా చేశాను. నన్ను క్షమించు."

అతను మట్టి కలపడం ఆపి, నా మొహంలోకి శ్రద్ధగా చూశాడు. మంచివాడు, ఎవరు ఏడ్చినా తట్టుకోలేడు. తడి చేత్తోనే నా భుజం తట్టాడు.

"ఏ రాయి మేష్టారూ?" అన్నాడు.